62 శాతంతో కన్సల్టింగ్‌లోకి: ఏడాదిన్నరలో ఏం జరిగిందంటే

2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని ఒక కన్సల్టింగ్ సంస్థలో (కంపెనీల సమస్యలకు మూలం వెతికి సలహా ఇచ్చే సంస్థ) అనలిస్ట్‌గా చేరాను. బి.టెక్‌లో నాది 6.7 సీజీపీఏ. జేఎన్‌టీయూహెచ్ లెక్క ప్రకారం అందులోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తే 62 శాతం. ఘట్‌కేసర్ వైపు ఉన్న ఒక అఫిలియేటెడ్ కాలేజీ, ఈసీఈ బ్రాంచి. ఎం-2 (రెండో లెక్కల పేపరు) బ్యాక్‌లాగ్ పడితే సప్లీలో క్లియర్ చేశాను. ఎంబీఏ లేదు. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇవన్నీ ముందే చెప్పడానికి కారణం ఉంది. ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు నేను వెతికింది ఇలాంటి వాళ్ల అనుభవాల కోసమే. దొరికినవన్నీ ఐఐఎం, ఐఎస్‌బీ వాళ్లు రాసినవి. వాళ్లకు క్యాంపస్‌కే కంపెనీలు వస్తాయి. మనకు ఎవరూ రారు.

2020 సెప్టెంబర్‌లో మాస్కులు పెట్టుకుని ఫైనల్ సెమ్ పరీక్షలు రాసిన బ్యాచ్ మాది. మొదట అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో కొన్ని నెలలు చేశాను. 2021 మధ్యలో మాదాపూర్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో చేరాను. ఏడాదికి 3.36 లక్షలు, అమెరికా ఇన్సూరెన్స్ క్లయింట్‌కి సపోర్ట్, నైట్ షిఫ్ట్. 2023 మొదట్లో ఆ క్లయింట్ తరఫున ఒక కన్సల్టింగ్ టీమ్ వచ్చింది. క్లెయిమ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో తేల్చడం వాళ్ల పని, వాళ్లకు డేటా తీసివ్వడం నా పని. మా దగ్గర టికెట్ వస్తే క్లోజ్ చేయడమే. అదే టికెట్ మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందని అడిగేవాళ్లు ఉండరు. వాళ్లు మొదటి రోజే అది అడిగారు. నేను ఖాళీ టైమ్‌లో ఒక షీట్ తయారుచేసి, తిరిగొచ్చే క్లెయిమ్‌లలో ఎక్కువ భాగం ఒకే ఫారం దగ్గర ఆగుతున్నాయని చూపించాను. ఆ టీమ్ మేనేజర్ దాన్ని తన ప్రెజెంటేషన్‌లో పెట్టి కింద నా పేరు రాశారు. అప్పటి నుంచి నాకు ఆ పనే కావాలనిపించింది.

2023 జూన్‌లో అప్లై చేయడం మొదలుపెట్టాను. పెద్ద సంస్థల వెబ్‌సైట్లలో కాలేజీ పేరు టైప్ చేయనివ్వరు, జాబితాలోంచి ఎంచుకోవాలి. అందులో మా కాలేజీ ఉండదు. చివర్న 'అదర్స్' అని ఉంటుంది, అది నొక్కాలి. తర్వాత మార్కుల శాతం నింపాలి. రాత్రి షిఫ్ట్‌లో అప్లై చేస్తే పొద్దున రూమ్‌కి వెళ్లేలోపే రిజెక్షన్ మెయిల్ వచ్చేది. ఆ గంటల్లో ఏ మనిషీ నా రెజ్యూమె చూసి ఉండడని నాకు తెలుసు. తెలిసినా బాధ తగ్గలేదు. బస్సులో మెయిల్ చదివి, కొండాపూర్ హాస్టల్‌లో కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేదాన్ని. మూడు నెలలు ఇదే. ఆ మూడు నెలల్లో ఒక్క కాల్ కూడా రాలేదు.

మొత్తం ప్రయాణంలో నాకు అర్థమైంది ఒకటే, అది ఇక్కడే చెప్పేస్తాను. మార్కులు అడిగేది ఫారం. రెజ్యూమె ఒక మనిషి చేతుల మీదుగా వెళ్తే ఫారం దగ్గర ఆగదు. ఆ తర్వాత ఇంటర్వ్యూలు తీసుకున్న ఏ ఒక్కరూ నా శాతం అడగలేదు.

అక్టోబర్‌లో, నా షీట్ వాడిన ఆ కన్సల్టింగ్ టీమ్ మేనేజర్‌కే లింక్డిన్‌లో రాశాను. 'సర్, ఉద్యోగం కావాలి' అని రాయలేదు. 'మీ ప్రెజెంటేషన్‌లో వాడిన క్లెయిమ్స్ షీట్ చేసింది నేనే. ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకుంటున్నాను. నా రెజ్యూమె చూసి ఏం లోపముందో పది నిమిషాలు చెప్పగలరా?' అని నాలుగు లైన్లు. మూడు వారాలకు జవాబు వచ్చింది, నేను ఆశ వదిలేశాక. ఫోన్‌లో ఆయన చెప్పిన మొదటి మాట: "మీ రెజ్యూమె సపోర్ట్ ఇంజనీర్‌ది. మీరు నాతో చేసిన పని ఇందులో ఎక్కడుంది?" నిజంగానే, అందులో ఉన్నదంతా టూల్స్ పేర్లు, ఎస్‌ఎల్‌ఏలు (టికెట్ క్లోజ్ చేయాల్సిన గడువులు), షిఫ్ట్ హ్యాండోవర్. ఆయన సలహాతో ఒక్క పేజీకి కుదించాను. 'క్లెయిమ్స్ టికెట్లు పరిష్కరించాను' అన్న లైన్ పోయి, 'తిరిగొచ్చే క్లెయిమ్‌ల మూలకారణం కనిపెట్టాను, దాన్నిబట్టి క్లయింట్ ఫారం మార్చింది' అన్నది వచ్చింది. చదువు వివరాలు పై నుంచి కిందకి వెళ్లాయి. సీజీపీఏ అలాగే ఉంచాను. కొందరు తీసేయమన్నారు. తీసేస్తే అదే మొదటి ప్రశ్న అవుతుందని నాకనిపించింది.

తర్వాత ఆయనే వేరే సంస్థలో ఉన్న తన మిత్రుడికి నా రెజ్యూమె పంపారు. రిఫరల్ (లోపల పనిచేసేవాళ్లు మన పేరు సిఫార్సు చేయడం) అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, నాకూ మొహమాటంగానే ఉండేది. చాలా కంపెనీల్లో రిఫర్ చేసిన ఉద్యోగికి, మనం చేరాక బోనస్ వస్తుంది. అది తెలిశాక అడగడం సులువైంది.

ఆ మిత్రుడున్న మొదటి సంస్థ ఆన్‌లైన్ టెస్ట్ 2023 నవంబర్ ఆఖర్లో జరిగింది. చార్టులు చూసి లెక్కలు, లాజిక్ ప్రశ్నలు, కెమెరా ఆన్‌లో ఉండాలి, వెనక మనుషులు కనిపించకూడదు. హాస్టల్ రూమ్‌లో నలుగురం. అందుకని కూకట్‌పల్లిలో అక్క వాళ్లింటికి వెళ్లి, బావ పడకగది తలుపు వేసుకుని రాశాను. కరెంటు పోతే ఉండాలని ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఆన్ చేసి పెట్టుకున్నాను. టెస్ట్ అయ్యాక జనవరి మధ్య వరకు ఏ కబురూ లేదు. ఫెయిలయ్యాననే అనుకున్నాను. హెచ్‌ఆర్‌కి రాస్తే 'ప్రాసెస్‌లో ఉంది' అనే ఒక్క ముక్క.

ఆ ఖాళీలోనే కేసు ప్రాక్టీస్ చేశాను. కేసు ఇంటర్వ్యూ అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి, మన ఆలోచనను పైకి మాట్లాడుతూ పరిష్కరించమంటారు. పుస్తకంలో చదివితే అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, నోరు తెరిస్తే తెలుస్తుంది. ప్రాక్టీస్ గ్రూపుల్లో పరిచయమైన వాళ్లతో గూగుల్ మీట్‌లో పొద్దున ఆరింటికి చేసేదాన్ని. నాకది షిఫ్ట్ అయ్యాక, వాళ్లకు ఆఫీసుకి ముందు. ఒకమ్మాయి పుణెలో, ఒకబ్బాయి విశాఖలో. ఇంగ్లీషులో ఆలోచిస్తూ అదే సమయంలో లెక్క చేయడం నాకు చాలా కష్టమైంది. మనసులో తెలుగులో లెక్క వేసుకుని ఇంగ్లీషులో చెప్పేసరికి మధ్యలో ఆగిపోయేదాన్ని. విశాఖ అబ్బాయి ఒక మంచి మాట చెప్పాడు: "ఆగండి, ఫర్వాలేదు. కానీ ఆగే ముందు 'నాకు అర నిమిషం ఇవ్వండి' అని చెప్పి ఆగండి." అప్పటి నుంచి అలాగే చేశాను. అసలు ఇంటర్వ్యూల్లో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఇంకో ఇబ్బంది ఎవరూ ముందు చెప్పలేదు. వాళ్లు మిలియన్లలో, బిలియన్లలో మాట్లాడతారు, మన బుర్ర లక్షల్లో, కోట్లలో నడుస్తుంది. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. ఇది తెలియక కాదు, టెన్షన్‌లో సున్నాలు తారుమారవుతాయి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ మార్పిడి పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నాను. బస్సులో కాగితం లేకుండా శాతాలు, భాగహారాలు చేయడం అలవాటు చేసుకున్నాను.

డబ్బులిచ్చి కోచ్ దగ్గర మాక్ ఇంటర్వ్యూలు కూడా చేశాను, గంటకు ₹3,500. రెండింటితో ఆపేశాను. నా అభిప్రాయంలో అదంతా అవసరం లేదు. మన మాటలు మనమే రికార్డ్ చేసి వింటే సగం సంగతులు తెలుస్తాయి. విన్నప్పుడు సిగ్గుగా ఉంటుంది, అయినా వినాలి.

2024 ఫిబ్రవరిలో ఆ సంస్థ మొదటి కేసు రౌండ్. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పొద్దున రద్దీ వేళ ఎన్ని టికెట్ మెషీన్లు కావాలి అన్నది ప్రశ్న. రోజూ వెళ్లే స్టేషన్. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే లైను, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే లైను అక్కడ కలుస్తాయి. కాబట్టి అక్కడ కనిపించే జనంలో చాలామంది లైను మారేవాళ్లే, వాళ్లు టికెట్ కొనరు. స్మార్ట్ కార్డు, ఫోన్ టికెట్ వాళ్లను కూడా తీసేస్తే మిగిలేది తక్కువ. అంకె కంటే ఈ విడదీయడమే ఇంటర్వ్యూ చేసినాయన చూశారని తర్వాత అర్థమైంది. మార్చిలో ఫైనల్ రౌండ్ వరకు వెళ్లాను. దానికోసం ఫార్మల్ బట్టలు, బూట్లు కలిపి ₹4,200 ఖర్చయింది. బాగా జరిగిందనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం వచ్చేస్తుందని కూడా చెప్పాను. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. మే రెండో వారంలో ఒక్క లైను మెయిల్: ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం. కారణం లేదు. పేరు స్థానంలో 'డియర్ క్యాండిడేట్'. మనిషి ఎదురుగా కూర్చుని గంటసేపు మాట్లాడిన తర్వాత రెండు నెలలు అలా గాలిలో ఉంచడం అన్యాయం. ఈ మాట నేను ఇప్పుడు ఉద్యోగం వచ్చాక కూడా అంటున్నాను.

ఆ వారం ప్రాక్టీస్ మానేశాను. నాన్న ఫోన్‌లో "పోనీలేమ్మా, ఉన్న ఉద్యోగం ఉంది కదా" అన్నారు. ఓదార్పుగానే అన్నారు, కానీ ఆ మాటకే ఎక్కువ ఏడుపొచ్చింది.

రెండో అవకాశం పుణె అమ్మాయి వల్ల వచ్చింది. తనకు ఏప్రిల్‌లో ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది, చేరగానే నన్ను రిఫర్ చేసింది. కేసు ప్రాక్టీస్ చేసే వాళ్లే రేపు లోపల ఉండేవాళ్లని అప్పటిదాకా నాకు తట్టలేదు. జూన్ ఆఖర్లో హెచ్‌ఆర్ కాల్, జులైలో వీడియోలో రెండు కేసు రౌండ్లు, ఆగస్టు మూడో వారంలో రాయదుర్గం ఆఫీసులో పార్ట్‌నర్ రౌండ్, అంటే సంస్థ భాగస్వాముల్లో ఒకరు తీసుకునే ఆఖరి ఇంటర్వ్యూ. మొదటి సంస్థతో పోలిస్తే చాలా వేగంగా సాగింది.

పార్ట్‌నర్ రౌండ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆవిడ నా రెజ్యూమె చూసి, ఇన్సూరెన్స్ గురించి రెండు ప్రశ్నలు అడిగి, "ఇంట్లో ఎవరేం చేస్తారు?" అన్నారు. నాన్న ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా అని చెప్పాను. "అయితే కేసు అక్కడే చేద్దాం. కోల్డ్ స్టోరేజీ యజమానికి ఈ ఏడాది లాభం పడిపోయింది. ఎందుకు?" అన్నారు. కేసుల కోసం నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్‌లన్నీ పక్కకుపోయాయి, చిన్నప్పటి నుంచి విన్నవి నోటికొచ్చాయి. కోల్డ్ స్టోరేజీకి వచ్చేది బస్తాకు సీజన్ అద్దె. ఫిబ్రవరి నుంచి పంట వస్తుంది. ధర బాగుంటే రైతు యార్డులోనే అమ్మేసుకుని వెళ్తాడు, నిల్వ పెట్టడు. ధర లేనప్పుడు, రేపు పెరుగుతుందన్న ఆశతో పెడతాడు. అంటే తేజ రకం మిర్చికి మంచి ధర పలికిన ఏడాదే స్టోరేజీ ఖాళీగా ఉంటుంది. లక్ష బస్తాల గోదాము, బస్తాకు ₹200 అద్దె అనుకుంటే నిండితే రెండు కోట్లు, డెబ్భై శాతం నిండితే కోటీ నలభై లక్షలు. కానీ కరెంటు బిల్లు ఆ మేరకు తగ్గదు, గది సగం నిండినా చల్లగానే ఉంచాలి. కాబట్టి ఉన్న సరుకంతా కొన్ని ఛాంబర్లలోకి సర్ది మిగతావి ఆపేయాలి, ఖాళీ గదులను చింతపండు, పప్పుల వ్యాపారులకు ఇవ్వాలి అన్నాను. ఆవిడ వరుసగా అడ్డుప్రశ్నలు వేశారు. బస్తాలు సర్దడానికి హమాలీ ఖర్చెంత, చింతపండు వాసన మిర్చికి పట్టదా, రైతు అడిగిన రోజు సరుకు బయటికి తీయగలరా? వాసన సంగతికి 'అందుకే వేరే ఛాంబర్ అంటున్నాను' అన్నాను. హమాలీ రేటు తెలియదు, ఊహించి చెబుతున్నానని చెప్పి ఊహించాను. అర గంట అనుకున్నది గంట దాటింది. నా భాషలో తప్పులు చాలానే దొర్లాయి, ఆవిడ వాటిని పట్టించుకోలేదు.

మూడు రోజుల్లో హెచ్‌ఆర్ నుంచి ఫోన్. మార్కులు మొదటిసారి అడిగింది అప్పుడే, అదీ ఫారం నింపడానికి. 62 అన్నాను. రాసుకున్నారు, అంతే. తొమ్మిది లక్షలు ఫిక్స్‌డ్, పైన పనితీరును బట్టి కొంత వేరియబుల్. మూడేళ్ల అనుభవాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. 2023లో కాలేజీ నుంచి వచ్చినవాళ్లతో సమానంగా అనలిస్ట్ స్థాయే ఇచ్చారు. గట్టిగా అడిగి చూశాను, కుదరదన్నారు. ఐటీ సపోర్ట్ నుంచి వచ్చేవాళ్లు దీనికి సిద్ధపడి ఉండాలి. జీతం దాదాపు మూడు రెట్లవుతున్నప్పుడు ఆ స్థాయి పేరు కోసం వదులుకోదలచుకోలేదు.

ఆఫర్ లెటర్ ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం వచ్చింది. ఆదివారం, సెప్టెంబర్ 1న, ఖమ్మంలో మున్నేరు పొంగింది. మా ఇల్లు ఏటి వైపు కాలనీలోనే. పొద్దున నాన్న ఫోన్ చేసి "నీళ్లు గడప దాటినయి, మేం పైకి పోతున్నం" అన్నారు, తర్వాత సాయంత్రం దాకా ఫోన్ కలవలేదు. అమ్మానాన్నలు పక్కింటి మేడ మీద క్షేమంగా ఉన్నారని తెలిసేసరికి చీకటి పడింది. ఆ రోజంతా ఆఫర్ సంగతి నాకు గుర్తు కూడా లేదు. రెండు రోజుల తర్వాత ఊరెళ్తే ఇంట్లో మోకాలి ఎత్తు బురద. బీరువా కింది అరలో నా సర్టిఫికెట్ల ఫైలు. పదో తరగతి మెమో లామినేట్ చేయించి ఉండటంతో బతికింది. ఇంటర్ మెమో ముడతలు పడింది కానీ అక్షరాలు ఉన్నాయి. బి.టెక్ కన్సాలిడేటెడ్ మెమోలో (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఉండే పత్రం) సిరా కరిగి సగం పేజీ నీలం మరక. అమ్మ వాటిని మేడ మీద గుడ్డ పరిచి ఆరబెట్టింది.

అదే వారం రాజీనామా పెట్టాను. నోటీస్ పీరియడ్ తొంభై రోజులు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (మన చదువు, పాత ఉద్యోగాల వివరాలు సరిచూడటం) నా విషయంలో రాజీనామా తర్వాతే మొదలైంది, అంటే అందులో తేడా వస్తే ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. అందులో మూడు చిక్కులు వచ్చాయి.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు చివర. పాత కంపెనీ రికార్డులో ఒక్క అక్షరం ఇనీషియల్. మన దగ్గర ఇది మామూలే, వెరిఫికేషన్ ఏజెన్సీకి మాత్రం ముగ్గురు మనుషులు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించమన్నారు. అన్నీ కలిపి ₹500 లోపే, ఒక పూట పని.

రెండోది పీఎఫ్. అమీర్‌పేటలోని ఆ చిన్న కంపెనీ నేను మానేసిన తేదీ ఎక్కించలేదు. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ రికార్డు ప్రకారం నేను ఇప్పటికీ అక్కడ ఉద్యోగినే, రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపించింది. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. తర్వాత తెలిసింది, ఆఖరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు దాటితే మానేసిన తేదీని మనమే ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు. పది నిమిషాల పని కోసం రెండు వారాలు నిద్ర లేకుండా పోయింది. ఉద్యోగం మారాలనుకునే వాళ్లు ఇవాళే లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ చూసుకోండి.

మూడోది డిగ్రీ. నా దగ్గర ప్రొవిజనల్ (తాత్కాలిక సర్టిఫికెట్) మాత్రమే ఉంది, కోవిడ్ టైమ్‌లో ఒరిజినల్ డిగ్రీ తీసుకోలేదు. ఏజెన్సీ ఒరిజినల్ కావాలంది, సంస్థ చేరే రోజు మెమో ఒరిజినల్ చూపించాలంది. డిగ్రీకి, తడిసిన మెమో స్థానంలో కొత్తదానికి కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూకి తిరిగాను. నైట్ షిఫ్ట్ అయ్యాక అటు నుంచి అటే వెళ్లి కౌంటర్ తెరిచేదాకా చెట్టు కింద కూర్చునేదాన్ని. రెండూ చేతికొచ్చేసరికి నెల దాటింది. పాత స్కాన్ కాపీ మెయిల్‌లో ఉండటం చాలా కలిసొచ్చింది, ఏజెన్సీ దాంతో పని మొదలుపెట్టింది. నవంబర్ ఆఖరి వారంలో వెరిఫికేషన్ క్లియర్ అయిందని మెయిల్ వచ్చింది. ఫైనల్ రౌండ్ రోజున కూడా అంత టెన్షన్ పడలేదు.

డిసెంబర్ 9న చేరాను. మొదటి ప్రాజెక్ట్ ఒక మందుల కంపెనీ సరఫరా ఖర్చుల మీద. రాత్రి పదకొండు దాకా పని ఉన్న రోజులు ఉంటాయి, కానీ రాత్రి నిద్ర రాత్రే పోతున్నాను, మూడేళ్ల తర్వాత. మొదటి రెండు వారాలు మీటింగుల్లో నోరు విప్పలేదు. టీమ్‌లో పెద్ద కాలేజీల వాళ్లు ఎక్కువ. స్లైడ్‌లు వాళ్లు నాకంటే వేగంగా చేస్తారు. ఎక్సెల్‌లో, గజిబిజి డేటాని శుభ్రం చేయడంలో నాకు టికెట్ల రోజుల అనుభవం ఉంది, ఇప్పుడు ఆ పని నా దగ్గరికే వస్తోంది.

ఇక డబ్బు సంగతి. కోచ్, బట్టలు, నోటరీ, యూనివర్సిటీ ఫీజులు, రాకపోకలు కలిపి పదిహేను వేల పైనే అయ్యాయి. కానీ అసలు ఇబ్బంది చేరాక వచ్చింది. పాత కంపెనీ ఆఖరి నెల జీతాన్ని ఫుల్ అండ్ ఫైనల్‌లో (మానేశాక చేసే తుది లెక్క) కలిపి జనవరి మూడో వారంలో వేసింది. కొత్త సంస్థ డిసెంబర్‌లో చేరిన రోజుల వరకే లెక్కగట్టింది. అదే సమయంలో ఖమ్మంలో ఇంటికి సున్నాలు, వైరింగ్, కొత్త పరుపులు. అక్క దగ్గర ₹30,000 అప్పు తీసుకుని గట్టెక్కాను, ఫిబ్రవరి జీతంతో తీర్చేశాను. మారే ముందు రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.